అమ్మ చెయ్యి మండుతోందంటే వెంటనే వచ్చి చూసే డే కేర్ క్లినిక్ (మారతహళ్ళి, బెంగళూరు)

అమ్మది హిందూపురం. మొలల వల్ల ఏడాదిగా రక్తం పోయి పోయి హిమోగ్లోబిన్ 7.2కి పడిపోయింది. ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పి వాంతులయ్యేవి. బెంగళూరులో చూపిస్తే డాక్టర్ గారు ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ మందు 500 మిల్లీగ్రాముల చొప్పున రెండుసార్లు డ్రిప్‌లో ఎక్కించమన్నారు.

మొదటిది ఇంటికి దగ్గరని వేరే చిన్న నర్సింగ్ హోమ్‌లో పెట్టించాను. మణికట్టు మడత దగ్గర సూది గుచ్చి, బాటిల్ తగిలించి సిస్టర్ వెళ్ళిపోయింది. ఐదు నిమిషాలకే అమ్మ "చెయ్యి మండుతాంది పాపా" అంది. వెళ్ళి చెప్తే "ఐరన్ కదా, కొంచెం అలాగే ఉంటుంది" అన్నారు. రెండోసారి వెళ్ళి పిలుచుకొచ్చేసరికి మణికట్టు పైన ఉబ్బిపోయి ఉంది. మందు నరంలోకి కాకుండా చర్మం కిందికి పోయింది. వాపు మూడు రోజుల్లో తగ్గింది. గోధుమరంగు మచ్చ మాత్రం అరచేయంత నిలిచిపోయింది, చింతపండు పులుసు ఒలికి ఆరినట్టు. పోవడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి పూర్తిగా పోదు కూడా అని స్కిన్ డాక్టర్ చెప్పారు. అమ్మ మండుతోందని చెప్పిన ఆ నిమిషమే నేను డ్రిప్ ఆపించి ఉండాల్సింది. ఆ బాధ నాకింకా పోలేదు.

రెండో డోసు వద్దంటే వద్దని అమ్మ మూడు వారాలు మొండికేసింది. ఆఫీసులో ఒకావిడ చెబితే మారతహళ్ళిలోని ఈ డే కేర్‌కి ఫోన్ చేశాను. ఇంటికొచ్చి పెడతారా అని అడిగితే, మిగతా ఇంజెక్షన్లకు ఇంటికి వస్తాం కానీ ఐరన్ డ్రిప్‌కి రామన్నారు. అరుదుగానైనా ఒక్కసారిగా రియాక్షన్ వస్తే డాక్టరు, ఆక్సిజన్, అడ్రినలిన్ పక్కనే ఉండాలట. డబ్బు వచ్చే పనిని కాదన్నారు చూడండి, నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

వెళ్ళగానే బరువు చూశారు. ఆస్తమా, అలర్జీ ఉన్నాయా అని అడిగారు, బీపీ రాసుకున్నారు. సిస్టర్ మచ్చ ఉన్న చెయ్యి వదిలేసి ఎడమ చేతిని రెండు నిమిషాలు నిమిరి, మడత లేని చోట, ముంజేతి మీద సూది పెట్టింది. మందు ఎక్కించే ముందు ఉత్త సెలైన్ ఎక్కించి, నరం పక్కన ఉబ్బుతోందా అని వేలితో తడిమి చూసింది. కన్నడలో "నొప్పి అనిపిస్తే వెంటనే చెప్పమ్మా, ఓర్చుకోవద్దు" అంది. హిందూపురం మనిషి కదా, అమ్మకి కన్నడ ఇంట్లో మాటే. అప్పుడు అమ్మ మొహంలో టెన్షన్ తగ్గడం చూశాను. 500 మిల్లీగ్రాములకు 15 నిమిషాల లోపే అయిపోవచ్చట, కానీ అమ్మ నరాలు సన్నమని అరగంట తీసుకున్నారు. సగంలో అమ్మ "కొంచెం చురుక్కుమంటాంది" అనగానే ఆపి, చూసి, అంతా సరిగ్గా ఉందని తేల్చుకున్నాకే మళ్ళీ వదిలారు. అయ్యాక ఇంకో అరగంట కదలనివ్వలేదు.

పక్క బెడ్‌లో ఒక పెద్దాయనకి రక్తం ఎక్కిస్తున్నారు. ఇద్దరు సిస్టర్లు బ్యాగ్ నంబరు, గ్రూపు, పేరు గట్టిగా చదివి, ఆయన చేతే పేరు చెప్పించి మొదలుపెట్టారు. మొదటి పావుగంట ఒకామె అక్కడే నిలబడింది. పది నిమిషాలకు ఆయనకి వణుకుతో జ్వరం వచ్చింది. ఆమె ఎవరినీ అడగలేదు, వెంటనే రక్తం ఆపేసింది. ట్యూబు మార్చి కొత్తదాంతో సెలైన్ పెట్టింది. డాక్టర్ వచ్చారు. మిగిలిన రక్తం బ్యాగ్‌ని పారేయకుండా బ్లడ్ బ్యాంక్‌కి తిరిగి పంపారు, గ్రూపు మళ్ళీ సరిచూడాలని. జ్వరం తగ్గి ఆయన సాయంత్రం ఇంటికెళ్ళారు. మా అమ్మకి ఆరోజు దొరకనిది ఇదే కదా అని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది.

మందు కాకుండా 1,800 రూపాయలు తీసుకున్నారు. ఎక్కువే, అయినా ఇవ్వొచ్చు. పది గంటల అపాయింట్‌మెంట్‌కి 50 నిమిషాలు కూర్చోబెట్టారు, తోడు వచ్చినవాళ్ళకి సరైన కుర్చీల్లేవు. పార్కింగ్ లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళయితే లిఫ్ట్ పనిచేస్తోందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అందుకే ఒక స్టార్ తగ్గించాను.

ఇంకోటి. పాత మచ్చ సంగతి 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పమంది సిస్టర్. మందుల వల్ల వచ్చే ఇబ్బందులు నమోదు చేసుకునే ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబరు, పేషెంట్లు కూడా చేయొచ్చు. మందు పేరు, బ్యాచ్ నంబరు దగ్గర పెట్టుకుని చెప్పాను.

నెల తర్వాత హిమోగ్లోబిన్ 9.8. మచ్చకి నెలకోసారి ఒకే వెలుతురులో ఫోటో తీసి పోల్చి చూడమని కూడా ఆ సిస్టరే చెప్పింది. మొన్న తీసిన ఫోటోలో మోచేతి వైపు అంచు కాస్త పలచబడింది.