గవర్నర్‌పేట లాయరుగారి దగ్గర మా పిన్ని వీలునామా: మా అనుభవం

కరోనా తర్వాత వీలునామా ఎక్కడ రాయించుకోవాలని తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా. మా పిన్ని విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పెద్ద వయసు లాయరుగారి దగ్గర రాయించుకుంది, తర్వాత మార్పించుకుంది కూడా. నాకు బాగా నచ్చింది. పేరు మాత్రం పెట్టడం లేదు. లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది, ఆయన దాన్ని గట్టిగా పాటించే మనిషి.

బాబాయి 2021 మేలో, సెకండ్ వేవ్‌లో పోయారు. పిల్లలు లేరు, వీలునామా లేదు, ఎఫ్‌డీల్లో నామినీ గడి ఖాళీ. బ్యాంకువాళ్లు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు, అది తెచ్చాక వారసులందరూ సంతకం పెట్టాలన్నారు. బాబాయివాళ్ల అమ్మగారు ఉన్నారు కదా, హిందూ వారసత్వ చట్టంలో భార్యతో పాటు తల్లికీ సమాన వాటా ఉంటుంది. ఆవిడ మంచావిడ, అడగ్గానే సంతకం పెట్టారు. అదే ఎదురు తిరిగే మనిషైతే పిన్ని ఆ దుఃఖంలో కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చేది.

2022 జనవరిలో మూడో వేవ్ రాగానే పిన్నికి తన సంగతి పట్టుకుంది. ముందు ఒక ఆన్‌లైన్ సర్వీసువాళ్లతో మాట్లాడాం. వాళ్ల ఫారంలో భార్య, భర్త, పిల్లలు తప్ప ఇంకో దారి లేదు. పైగా సాక్షులు వీడియో కాల్‌లో చూస్తే చాలన్నారు. ఇది చాలా ప్రమాదకరమైన మాట. ఇంగ్లండ్‌లో కరోనా టైములో వీడియో సాక్ష్యానికి చట్టం మార్చారు, మన దగ్గర అలాంటి మార్పేమీ జరగలేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాసిన మనిషి ఎదుటే ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. డబ్బు తీసుకుని ఇలా చెప్పేవాళ్లను చూస్తే కోపం వస్తుంది, ఎందుకంటే తప్పు బయటపడేసరికి సరిదిద్దడానికి ఆ మనిషి ఉండరు.

మేం మొదటిసారి వెళ్లినప్పుడు లాయరుగారు అసలు కాగితమే తియ్యలేదు. ఏ ఆస్తి ఎవరి పేరు మీద ఉంది, ఎవరి డబ్బుతో కొన్నారు, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు) ఉన్నాయా, అత్తగారివైపు ఎవరెవరున్నారు, అన్నీ అడిగారు. పిన్ని రిటైర్డ్ టీచర్, ఫ్లాట్ తన జీతంతో లోన్ కట్టి కొనుక్కుంది. వీలునామా లేకపోతే అది మీ అత్తగారికి, ఆవిడ లేకపోతే మీ మరుదులకి వెళ్తుందని ఆయన చెప్పారు.

"నా జీతంతో కట్టిన లోన్ బాబూ, వాళ్లకెందుకు వెళ్తుంది?" అంది పిన్ని.

"చట్టం అలాగే ఉంది టీచరుగారూ. మీ అమ్మగారు బతికున్నా సరే, మీ వారి వారసులే ముందు."

తాతగారి నుంచి, అంటే పిన్నివాళ్ల నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చిన అర ఎకరం మాత్రం తిరిగి పుట్టింటివైపే వస్తుందట. పిల్లలు లేని ఆడవాళ్లు, ముఖ్యంగా సొంత సంపాదన ఉన్నవాళ్లు, దయచేసి ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

సంతకాల రోజున లాయరుగారే ఇంటికొచ్చారు. వరండాలో టేబుల్ వేసి పిన్నిని కూర్చోబెట్టారు, మా ఫ్యామిలీ డాక్టరుగారు గ్రిల్ అవతల మాస్కుతో నిలబడి పిన్ని ప్రతి పేజీ మీదా సంతకం పెట్టడం చూసి, ఆ తర్వాత తన సొంత పెన్నుతో సాక్షి సంతకం పెట్టారు. పిన్ని తెలివిలో ఉండి రాసిందని రేపు చెప్పగలిగే మనిషి కాబట్టి డాక్టరుగారినే అడగమన్నారట. రెండో సాక్షి ఎదురింటాయనకి అప్పుడే పాజిటివ్ వచ్చింది. ఇక వాయిదా వెయ్యాలేమో అని మాకు టెన్షన్. సాక్షులిద్దరూ ఒకేసారి ఉండక్కర్లేదు, ఎదురింటాయన తగ్గాక వచ్చినప్పుడు పిన్ని "ఇది నా సంతకమే" అని ఆయనతో చెబితే, ఆయన ఆవిడ ఎదుటే సంతకం పెడితే సరిపోతుందన్నారు లాయరుగారు. అలాగే చేశాం. సాక్షులు మనకంటే చిన్నవాళ్లయితే మంచిదని, ఆస్తి వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దని కూడా చెప్పారు.

వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా వేవ్ తగ్గాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించాం. దాని కాపీ పిన్ని బతికుండగా ఆవిడకో, ఆవిడ అధికారం ఇచ్చినవాళ్లకో తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. చుట్టాలు తీసి చూస్తారేమోనని భయపడేవాళ్లకి ఇది పెద్ద నిశ్చింత.

ఇక మార్పు సంగతి. ఫ్లాట్‌ను మా చెల్లికి, వాళ్లాయనకి కలిపి రాసింది పిన్ని. 2024లో వాళ్లు విడిపోయారు. విడాకులు వచ్చినంత మాత్రాన వీలునామాలో అతని పేరు దానంతటది పోదు. ఇంట్లో పెళ్లి, పురుడు, విడాకులు, చావు, ఏది జరిగినా కాగితం తీసి చదవమని లాయరుగారు మొదట్లోనే చెప్పి పంపారు కాబట్టి పిన్ని వెంటనే ఫోన్ చేసింది. పాతది రద్దు అని మొదటి పేరాలోనే పెట్టి కొత్తది రాశారు. బ్యాంకు, మ్యూచువల్ ఫండ్ నామినీలను కూడా దానికి తగ్గట్టు మార్పించారు. నామినీ డబ్బు అందుకునే మనిషే కానీ సొంతదారు కాదు, షేర్లు, ఫండ్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే మాట చెప్పింది. ఒక్క సవరణ కోసం అనుబంధం రాసి పాత కాగితానికి జత చెయ్యొచ్చు, కానీ రెండు కాగితాలుంటే రేపు గొడవలకి సందు దొరుకుతుందని ఆయన వద్దన్నారు. నాకూ అదే సబబనిపించింది.

బాగోలేనివి కూడా చెప్పాలి. మొదటి డ్రాఫ్టు "సదరు", "యావత్తు" అంటూ పాత దస్తావేజు భాషలో ఉంది, పిన్నికి సగం అర్థం కాలేదు. మామూలు తెలుగులో రాయమంటే రాశారు కానీ దానికి ఇంకో వారం పట్టింది. ఆఫీసు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చెబితే ఇంటికొస్తారు, దానికి విడిగా తీసుకుంటారు. మాకు మొదటిసారి అన్నీ కలిపి 8 వేలయింది, రెండోసారి అందులో సగం.

కోర్టు టైములో ఫోన్ ఎత్తరు, సాయంత్రం ఐదు దాటాక చెయ్యండి. వెళ్లేటప్పుడు ఆధార్, ఒరిజినల్ దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే సర్టిఫికెట్), పాస్ పుస్తకం, ఎఫ్‌డీ బాండ్లు పట్టుకెళ్లండి. జిరాక్సులు చూపిస్తే ఒరిజినల్స్ తెమ్మని వెనక్కి పంపేస్తారు.