రాగి తీగతో చేసిన ఎఫ్‌ఎం యాంటెన్నా: మూడేళ్ల వాడకం తర్వాత

రేడియో కడ్డీని చేత్తో పట్టుకుంటే పాట, వదిలితే గరగర. చాలాకాలం నా రేడియో వినికిడి ఇలాగే సాగింది. పాట పూర్తయ్యేదాకా రేడియో పక్కనే చెయ్యి చాచి నిలబడలేక, మూడేళ్ల కిందట ఒక సాదా డైపోల్, అంటే రెండు తీగలు రెండు చేతుల్లా ఎదురెదురుగా చాచి ఉండే యాంటెన్నా, చేసి డాబా మీద పెట్టాను. అప్పటినుంచి రోజూ దానితోనే వింటున్నాను.

చేయడం అరపూట పని. ఎఫ్‌ఎం 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది కాబట్టి మధ్యలో 98ని లెక్కకు తీసుకున్నాను. డైపోల్ మొత్తం పొడవు సగం తరంగమంత ఉండాలి; దానికి వాడే లెక్క ప్రకారం 143ని మెగాహెర్ట్జ్‌తో, అంటే 98తో భాగిస్తే దాదాపు 1.46 మీటర్లు. అందులో సగం, అంటే 73 సెంటీమీటర్లు, ఒక్కో చేతికి. రెండు గట్టి రాగి తీగలను పీవీసీ గొట్టం మీద ఎదురెదురుగా, మధ్యలో ఒకదానికొకటి తగలకుండా బిగించాను. టీవీకి వాడే 75 ఓమ్‌ల కేబుల్ లోపలి తీగను ఒక చేతికి, పైనున్న అల్లికను రెండో చేతికి టంకం వేశాను. డైపోల్ నిరోధం కూడా సుమారు 73 ఓమ్‌లే కాబట్టి మధ్యలో వేరే పరికరం ఏదీ పెట్టలేదు. రెండో కొస రేడియో వెనకున్న యాంటెన్నా రంధ్రంలోకి వెళ్లింది.

కొలత దగ్గర నేను పడిన తంటా అంతా వృథా. ఏడాది తర్వాత దించి చూస్తే ఒక చెయ్యి మూడు సెంటీమీటర్లు పొట్టిగా ఉంది. సరిచేసి మళ్లీ ఎక్కించాను, చెవికి తేడా ఏమీ తెలియలేదు. యాంటెన్నాను ఒక్క మీటరు పక్కకు జరిపినప్పుడు మాత్రం అప్పటిదాకా నసిగిన స్టేషన్ ఒక్కసారిగా తేటపడింది. తరంగాలు నేరుగా వచ్చేవి కొన్ని, గోడలకు తగిలి తిరిగి వచ్చేవి కొన్ని. ఒకచోట అవి కలిసి బలపడతాయి, మరోచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈ బ్యాండులో తరంగం పొడవు మూడు మీటర్లే కనుక ఆ మాత్రం జరిపినా ఫలితం మారిపోతుంది. అందుకే ముందు ఒక కర్రకు కట్టి నాలుగుచోట్ల పట్టుకుని విని, ఆ తర్వాతే మేకు కొట్టండి.

అడ్డంగా పెట్టినప్పుడు డైపోల్ తన పక్కల నుంచి వచ్చేది బాగా వింటుంది, కొసల వైపు నుంచి వచ్చేదాన్ని దాదాపు పట్టించుకోదు. నాకు కావలసిన స్టేషన్లు రెండు దిక్కుల్లో ఉన్నాయి. అన్ని దిక్కులనూ సమానంగా వినేలా చివరికి నిలువుగా పెట్టాను. బలమైన స్టేషన్ కొంచెం తగ్గింది, మిగిలినవన్నీ వినగలిగే స్థాయికి వచ్చాయి. నాకు అదే నయమనిపించింది.

రెండో వానాకాలంలో దెబ్బ తగిలింది. రొద వారం వారం పెరుగుతూ వచ్చింది. రేడియోనే పాడైందని విప్పి, దుమ్ము తుడిచి, మళ్లీ మూశాను. లాభం లేదు. డాబా మీదికెళ్లి అతుకు దగ్గర కేబుల్ తొక్క ఒలిస్తే, తళతళలాడాల్సిన అల్లిక నల్లబడి, వేలితో నలిపితే పొడిగా రాలింది. జానెడు కోశాక కూడా లోపల తడే. అతుకును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అన్ని వైపులా మూసేశానని ధీమాగా ఉన్నాను. ఎక్కడో సందు నుంచి చేరిన నీరు బయటికి పోయే దారిలేక అందులోనే ఉండిపోయింది. ఇప్పుడు డబ్బా అడుగున చిన్న రంధ్రం ఉంది, అతుకు మీద రబ్బరు టేపు ఉంది. కిటికీలోకి వచ్చేముందు కేబుల్‌ను కిందికి వేలాడేలా ఒక వంపు తిప్పాను. నీటి చుక్కలు అక్కడే రాలిపోతాయి, గదిలోకి రావు.

ఇంట్లో ఒక ఎల్‌ఈడీ బల్బు వేస్తే చాలు, బలహీనమైన స్టేషన్ల మీద జుమ్మనే మోత వచ్చేది. యాంటెన్నా దగ్గరే కేబుల్‌ను ఆరు చుట్లు చుట్టి కట్టాను. మోత తగ్గింది గానీ పోలేదు. ఆ బల్బును మార్చాకే పోయింది. దూరపు స్టేషన్లకు స్టీరియో దీపం వెలిగి ఆరుతూ ఉంటే, మీట మోనోకు తిప్పేయండి. సగం రొద అక్కడే పోతుంది. స్టీరియోకు కావలసిన రెండో భాగం, అంటే ఎడమ కుడి శబ్దాల తేడా, 38 కిలోహెర్ట్జ్ మీద కూర్చుని వస్తుంది, సంకేతం సన్నగిల్లినప్పుడు ముందు రొద పట్టేది దానికే.

చేతిలో పట్టే చిన్న రేడియోకు మాత్రం ఇది నప్పలేదు. కేబుల్ లోపలి తీగను దాని కడ్డీకి క్లిప్పుతో తగిలిస్తే, దగ్గరలోని బలమైన స్టేషన్ బ్యాండులో మూడుచోట్ల ప్రత్యక్షమై మిగతావాటిని మింగేసింది. పాపం, అంత సంకేతాన్ని అది తట్టుకోలేకపోయింది.

ఉరుములు మొదలవగానే నేను కేబుల్ ఊడదీసి రేడియోకు దూరంగా పెడతాను. ఊడదీసినంత మాత్రాన పిడుగు ఆగుతుందని కాదు. ఎత్తైన స్తంభం మీద పెట్టేవాళ్లు భూమికి సరైన ఎర్తింగ్ ఇప్పించుకోవాలి. కాకులు వాలి పైచేతిని రెండుసార్లు వంచాయి. చేత్తోనే నిటారు చేశాను.

కొండ వెనకున్న ఒక స్టేషన్ ఇప్పటికీ రాదు. దానికి యాగీ, అంటే వరసగా కడ్డీలతో ఒకే దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా, కట్టాలి, ఒక్కో కడ్డీ దాదాపు మీటరున్నర పొడవు. డాబా మీద చోటుంది, బట్టలారేసే తీగలు తీయడానికే ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు.