చెట్టెక్కే బెల్టు మంచిదే, దానితో ఇచ్చే తాడు మాత్రం వద్దు

మా నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. ఆయన దగ్గర నుంచి నాకు వచ్చిన ఆస్తి ఒక మోకు, ఎంత ఎత్తెక్కినా తిరగని తల. కావలి నుంచి నెల్లూరు దాకా ఇళ్ళ మీదికి ఒరిగిన వేపకొమ్మలు, తీగల్లోకి పెరిగిన తురాయిలు, తల ఎండిన కొబ్బరిచెట్లు కొట్టడం ఇరవై రెండేళ్ళుగా నా పని. కిందటి మే నెలలో, చెట్ల పని కోసమే కుట్టిన నడుము బెల్టును ఆన్‌లైన్‌లో 14,500 రూపాయలు పెట్టి తెప్పించాను. తోటి పనివాళ్ళు అది ఎలా ఉందని అడుగుతున్నారు కనుక, ఏడాది వాడిన తర్వాత రాస్తున్నాను.

అంతకు ముందు నా దగ్గర ఉన్నది మేడలు కట్టేవాళ్ళు వేసుకునే, ఒళ్ళంతా పట్టీలుండే బెల్టు. భద్రతా బెల్టులకు మన దేశంలో పెట్టిన ప్రమాణం, ఐఎస్ 3521 ముద్ర ఉన్నదే. చెడ్డదని అనను. అది పడేవాణ్ణి ఆపడానికి పుట్టింది, పని చేసుకోనివ్వడానికి కాదు. దాని కొక్కెం వీపు మీద ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ తర్వాతి వారం నెల్లూరులో ఒక మేడకు ఆనుకుని ఒరిగిన వేపచెట్టు మీద నా కాలు జారింది. బెల్టు ఆపింది. కానీ ముఖం నేలవైపు, చేతికి కొమ్మ అందదు, బావిలో వేలాడే చేదలాగా ఉన్నాను. తొడల పట్టీలు బిగిసి కాళ్ళు తిమ్మిరెక్కాయి. అలా కదలకుండా వేలాడితే కాళ్ళలో రక్తం నిలిచి మనిషి సొమ్మసిల్లిపోతాడట, అది తర్వాత తెలిసింది. మా తమ్ముడు పక్కింటి నిచ్చెన తెచ్చేదాకా నేను మొక్కని దేవుడు లేడు.

కొత్త బెల్టులో తాడు ముందువైపు, బొడ్డుకు కాస్త కింద తగులుతుంది. అక్కడ రెండు తొడల మధ్య ఒక పొట్టి తాడు, దాని మీద అటూ ఇటూ జారే ఉంగరం ఉంటాయి. పై కొమ్మకు వేసిన తాడును ఆ ఉంగరానికి తగిలించి వెనక్కి వాలితే, అరుగు మీద కూర్చున్నట్టే ఉంటుంది. నడుముకు రెండు పక్కలా ఉన్న రింగులకు పొట్టి తాడొకటి తగిలించి మానును చుట్టేస్తే రెండు చేతులూ ఖాళీ. మానును చుట్టే ఈ తాడు లోపల ఉక్కుతీగ ఉంది. చేతిరంపం జారితే అడ్డుకుంటుంది, మోటారు రంపాన్ని మాత్రం ఆపలేదు. అందుకే పైన మిషను ఆన్ చేసే ముందు నేను రెండు చోట్ల కట్టుకుని ఉంటాను.

రెండు చేతులూ దొరికాక నా కోతే మారిపోయింది. ఇదివరకు ఒక చేత్తో కొమ్మను కౌగిలించుకుని, రెండో చేతి కత్తి ఎక్కడ అందితే అక్కడ నరికేవాణ్ణి. బరువుకు కొమ్మ విరిగి, మాను బెరడును జానెడు చీల్చుకుని పోయేది. ఇప్పుడు మానుకు అడుగు దూరంలో ముందు కింద నుంచి కొంత కోసి, ఆ తర్వాత కాస్త అవతల పైనుంచి కోసి బరువు దించేస్తాను. మిగిలిన మోడును, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే చోటుకు తగలకుండా దాని అంచున కోస్తాను. ఆ ఉబ్బు నుంచే చెట్టు గాయాన్ని మూసుకుంటుంది. నెల్లూరు దర్గామిట్టలో ఒక పెద్దావిడ కింద నుంచి, "బాబూ, ఆ తాళ్ళు కట్టుకునేలోపు రెండు కొమ్మలు కొట్టేయొచ్చు కదా" అన్నారు. నిజమే. కానీ పోయిన జూన్‌లో కోసిన ఆవిడ వేప ఇప్పుడు గాయం చుట్టూ గుండ్రంగా కొత్త బెరడు కమ్ముకుంటోంది. మొన్న కబురు పెట్టి తురాయిని కూడా నాకే చూపించారు.

ఇక లోపాలు. ప్రకటనల్లో మనల్ని మునగచెట్టు ఎక్కిస్తారు, నేను ఎక్కేది వేపచెట్టు కాబట్టి బతికిపోయాను. బెల్టుతో పాటు ఉచితంగా ఇచ్చిన తాడుకు పై తొడుగు లోపలి దారం మీద జారిపోతోంది. ముడి వేస్తే పట్టు నిలవదు. మూడో రోజే దాన్ని కొమ్మలు కిందికి దించే పనికి పెట్టి, చెన్నై ప్యారిస్ కార్నర్‌లో 11 మిల్లీమీటర్ల తాడు విడిగా కొన్నాను. దాని మీద ఈఎన్ 1891 అని ఉంది, మనుషులు వేలాడే తాళ్ళకు యూరప్‌వాళ్ళ ప్రమాణం అది. మన తీరంలో చాలామంది పడవల మీద వాడే నీలం ప్లాస్టిక్ తాడుతోనే చెట్టెక్కుతారు. ఎండకు అది పీచుపీచుగా రాలుతుంది, ముడి రాపిడికి కరుగుతుంది. దయచేసి మనుషులకు కట్టకండి.

సైజు కూడా మోసమే. నా నడుము ముప్పై అంగుళాలు. పట్టికలో చెప్పిన సైజే తెప్పిస్తే తొడ పట్టీ చివరిదాకా లాగినా వదులే. మార్చి పంపడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. రోహిణి కార్తెలో తొడల కింద మెత్తలు చెమట పీల్చి పట్టుకుంటాయి. మొదటి వారం ఒరుసుకుని నడవలేకపోయాను. సబ్బునీళ్ళలో ఉతికి నీడన ఆరేస్తున్నాను, ఎండలో వేస్తే నైలాన్ బలం పోతుంది. మామిడిచెట్టు మీద ఎర్రచీమలు పట్టీ కిందికి దూరితే ఈ బెల్టు కాదు కదా, ఏదీ కాపాడదు.

తాటిచెట్టుకు దీన్ని నమ్ముకుని కొనకండి. పైన తాడు వేయడానికి కొమ్మే లేదు. నాన్న దీన్ని తిప్పి తిప్పి చూసి, "కూర్చోవడానికా చెట్టెక్కేది?" అన్నాడు. తాటి దగ్గర ఆయన మోకుదే గెలుపు, నేనిప్పటికీ అదే వాడుతున్నాను.

పదకొండో నెలలో ముందున్న పొట్టి తాడు నూగు లేచింది. అరిగితే మార్చుకునేలా కట్టారు, అది తెలివైన పని. విడి భాగం రావడానికి మాత్రం ఇరవై మూడు రోజులు పట్టింది, అన్నాళ్ళూ పెద్ద చెట్టు ఒప్పుకోలేదు. మీరు కొంటే అది కూడా అప్పుడే తెప్పించుకోండి. నేను ఈసారి ఇంకో పూర్తి బెల్టే తెప్పించాను, మా తమ్ముడికి. పైన నాకేమైనా అయితే నిచ్చెన కోసం పక్కింటికి పరుగెత్తకుండా వాడే ఎక్కి రావాలి. ఆదివారాలు మా ఇంటి వెనక కానుగచెట్టు మీద నన్ను కిందికి దించడం నేర్చుకుంటున్నాడు. మొన్న రెండో కొమ్మ దగ్గర ముడి బిగుసుకుని పావుగంట ఇద్దరం అక్కడే కూర్చున్నాం.