ఫైటర్ చేప తొట్టికి స్పాంజ్ ఫిల్టర్: నల్గొండ నీళ్లతో మూడేళ్ల వాడకం

మా తొట్టి చిన్నది. అడుగున్నర పొడవు, 20 లీటర్ల నీళ్లు, అందులో ఒకే ఒక్క ఫైటర్ చేప. ఇంత చిన్నదానికి ఫిల్టర్ గురించి ఇంతగా రాయాలా అనిపించవచ్చు. కానీ తొట్టి చిన్నదయ్యే కొద్దీ ఫిల్టర్ విషయంలో చేసే తప్పు చేపకు త్వరగా తగులుతుంది.

మొదట కొన్నది నీళ్లలో ముంచి పెట్టే మోటారు ఫిల్టర్. డబ్బా మీద గంటకు 300 లీటర్లు అని రాసి ఉంది. అంటే మా తొట్టిలోని నీళ్లన్నీ గంటకు 15 సార్లు తిరుగుతాయి. ఎంత తిరిగితే అంత శుభ్రం అనుకుని సంతోషంగా బిగించాను. రెండో రోజు మా అమ్మ పిలిచింది: "గా చేప ఏందిరా, పొద్దటి సంది మూలకే పడి ఉన్నది, జర చూడు." చూస్తే మొక్క కుండీ వెనక నక్కి ఉంది. మేత వేస్తే పైకి రాబోయి, ధారకు కొట్టుకుపోయి మళ్లీ వెనక్కి వెళ్లింది. మోటారు నీళ్లు లాగే జాలి దగ్గర తోక అంచు చీలిపోయింది కూడా.

ఈ చేపలది థాయ్‌లాండ్ వైపు. వరి మళ్లలో, నీళ్లు మెల్లగా కదిలే కుంటల్లో బతికే జాతి. మొప్పలతో పాటు తలలో లాబిరింత్ అనే అవయవం ఉండటం వల్ల నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. పైగా మనం అంగళ్లలో కొనే వాటికి అంత పొడవాటి తోక. శ్వాస కోసం పైకి వచ్చిన ప్రతిసారీ వరదకు ఎదురీదాలంటే ఏ చేప తట్టుకుంటుంది? మోటారు తీసేశాను.

దాని స్థానంలో పెట్టింది స్పాంజ్ ఫిల్టర్. ఎయిర్ పంపు, గొట్టం, వాల్వ్ అన్నీ కలిపి 600 రూపాయల లోపే అయింది. పంపు పంపిన గాలి బుడగలై నిలువు గొట్టంలో పైకి లేస్తుంటే, వాటితో పాటు నీళ్లూ లేస్తాయి. ఆ వెలితిని పూడ్చడానికి చుట్టూ ఉన్న నీళ్లు స్పాంజ్‌లోంచి లోపలికి వస్తాయి. చేపను లాగేంత బలం ఎక్కడా ఉండదు. అయినా పంపును పూర్తిగా వదిలితే పైన నీళ్లు ఉడికినట్టు కదులుతాయి కాబట్టి వాల్వ్‌తో గాలి తగ్గించాలి. నేను చూసే గుర్తు ఒక్కటే: ఫిల్టర్‌కు దూరంగా ఒక మేత గింజ వేస్తాను. అది అక్కడక్కడే మెల్లగా కదిలితే సరే. తొట్టంతా చుట్టి వస్తే వాల్వ్ ఇంకొంచెం బిగించాలి. అలా సరిచేసిన వారానికే ఆ దూరపు మూలలో మా చేప మొదటిసారి బుడగల గూడు (గుడ్ల కోసం మగ చేప నీటి పైన నురగలా కట్టేది) కట్టింది.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. రెండో నెలలో స్పాంజ్ నల్లగా, మడ్డిగా కనిపించింది. నల్లా కింద పెట్టి తెల్లటి నీళ్లు వచ్చేదాకా పిండాను. నాలుగు రోజులకు తొట్టి పాలు కలిపినట్టు అయింది, చేప పైనే తేలుతూ గాలి మింగుతోంది. టెస్ట్ కిట్‌లో పసుపుగా ఉండాల్సిన అమోనియా పరీక్ష ముదురు ఆకుపచ్చగా వచ్చింది. స్పాంజ్‌లో పట్టిన బ్యాక్టీరియానే చేప వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. నల్లా నీళ్ల క్లోరిన్‌తో దాన్నే చంపేశాను. రోజూ మూడో వంతు నీళ్లు మారుస్తూ చాలా టెన్షన్ పడ్డాను. మళ్లీ కుదుటపడటానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు నెలకొకసారి, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండు మూడు సార్లు మెల్లగా పిండి పెట్టేస్తాను. స్పాంజ్ గోధుమరంగులో ఉంటే అది మురికి కాదు, పనిచేస్తోందని అర్థం.

ఈ ఫిల్టర్‌తో లోపాలు ఉన్నాయి. అడుగున పడిన రెట్టను ఇది లాగదు, వారానికోసారి సన్న గొట్టం పెట్టి నేనే తీయాలి. దాంతో పాటు ఐదు లీటర్ల నీళ్లు మారతాయి. ప్రవాహం తక్కువ కాబట్టి పైన జిడ్డులా తెట్టు కడుతుంది. టిష్యూ కాగితం పరిచి ఎత్తేస్తే పోతుంది. చేపకు మంచిదని తొట్టిలో ఎండిన బాదం ఆకు వేసే అలవాటుంటే అది చివికి ముక్కలై స్పాంజ్‌కు అంటుకుంటుంది, కాబట్టి మెత్తబడగానే తీసేయాలి.

నీళ్ల సంగతి మా ఊళ్లో వేరే కథ. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పడిందంటే మా నీళ్ల బాధ ఎంతటిదో తెలుస్తుంది. ఆ భయంతో మొదట్లో అంతా ఆర్‌ఓ క్యాన్ నీళ్లే పోశాను. వాటిలో లవణాలు లేక పీహెచ్ నిలకడగా ఉండదు. బోరు నీళ్లు పోస్తే గాజు మీద, ఫిల్టర్ గొట్టం మీద తెల్లటి చారలు. ఇప్పుడు కృష్ణా నీళ్లు బకెట్‌లో పట్టి, క్లోరిన్ విరిచే చుక్కలు వేసి వాడుతున్నాను. క్యాన్ నీళ్లు ఎండాకాలం ఆవిరైన మేరకు నింపడానికే. నీరు ఆవిరైనా లవణాలు అక్కడే మిగులుతాయి కదా, దానికి ఇవే సరైనవి. మట్టం గొట్టం మూతి కంటే కిందికి దిగిందంటే బుడగలు గలగలమని చప్పుడు చేసి గుర్తు చేస్తాయి.

పంపును తొట్టి కంటే కింద పెడితే నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను గొట్టంలో వెనక్కి రానివ్వనిది) తప్పనిసరి. ఒకసారి కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టం వెంట వెనక్కి వచ్చి అరంతా తడిసింది, పంపు పాడైంది. ఏడాదిన్నరకు కొత్త పంపులో రబ్బరు పొర చిరిగి గాలి తగ్గింది. స్పాంజ్ మూసుకుపోయిందేమో అని వారం రోజులు దాన్నే అనుమానించాను. ఆ పొర విడిగా దొరుకుతుంది, ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

కొత్తగా కొనేవాళ్లు రెండు స్పాంజ్‌లున్న రకం తీసుకోండి. ఆరు నెలల క్రితం నేనూ దానికే మారాను. ఒక నెల ఒకటి, తర్వాతి నెల రెండోది కడుగుతున్నాను. అప్పటినుంచి కడిగిన మర్నాడు కూడా అమోనియా పరీక్ష పసుపు దాటలేదు.