స్నూకర్ టూర్ కార్డ్ రివ్యూ: సున్నాతో మొదలయ్యే రెండేళ్లు

ప్రొఫెషనల్ స్నూకర్‌లోకి వచ్చే కుర్రాడి చేతికి జీతం రాదు, రెండు సీజన్ల టూర్ కార్డ్ వస్తుంది, అంటే ప్రొఫెషనల్ టోర్నీల్లో ఆడే హక్కు. వేల్స్‌లోని ఎబూ వేల్ కుర్రాడు జాక్సన్ పేజ్ 2019లో ప్రొఫెషనల్ అయ్యాడు. అతని దారి వెంట నడిచి చూస్తే ఈ కార్డ్ ఏమిస్తుందో, ఎక్కడ దెబ్బకొడుతుందో తెలుస్తుంది.

ర్యాంకింగ్ అంటే గత రెండేళ్లలో ర్యాంకింగ్ టోర్నీల్లో గెలిచిన డబ్బే. ఒక పౌండ్‌కి ఒక పాయింట్. చుట్టూ ఉన్నవాళ్ల ఖాతాలో రెండేళ్ల సంపాదన ఉంటుంది, కొత్తవాడి ఖాతాలో సున్నా. అందుకే మొదటి ఏడాది ర్యాంకు చూసి బెంగపడకూడదు, రెండో ఏడాది మాత్రం ప్రతి మ్యాచ్ లెక్కే. ఆ సీజన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ ముగిసేసరికి మొదటి 64 మందిలో ఉంటే కార్డ్ నిలుస్తుంది. లేదంటే ఒక్క సీజన్ సంపాదన జాబితాలో పైన ఉండి గట్టెక్కాలి, అదీ కాకపోతే కార్డ్ కోసం పోటీపడే అర్హత టోర్నీ క్యూ స్కూల్‌కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి ఆడాలి.

డబ్బు సంగతి. 2022-23 సీజన్ నుంచి ఏడాదికి 20,000 పౌండ్ల హామీ ఉంది. ఇది అదనపు సొమ్మనుకుంటే పొరపాటే. గెలిచిన బహుమతి డబ్బును ఇందులోనే సర్దుకుంటారు. ఎబూ వేల్ నుంచి వరల్డ్ ఛాంపియన్‌షిప్ జరిగే షెఫీల్డ్‌కి కార్లో మూడు గంటల పైమాటే, మధ్యాహ్నం మ్యాచ్ ఓడినా ఆ రాత్రి హోటల్ బిల్లు తప్పదు.

కొత్తవాళ్లు తడబడేది ఎక్కువగా టేబుల్ దగ్గరే. టూర్ టేబుల్‌కి పలచని కొత్త గుడ్డ వేస్తారు, గుడ్డ కింది రాతి పలకకు అడుగున హీటర్లు తేమను లాగేస్తాయి. క్లబ్‌లో కొట్టిన బలంతోనే కొడితే తెల్లబంతి అనుకున్నచోట ఆగదు, ఇంకో అడుగు జారిపోతుంది. కుషన్ నుంచి ఎగిరొచ్చే కోణమూ మారుతుంది. క్లబ్‌లో పాకెట్ అంచును రాసుకుంటూ లోపలికి పడే ఎర్రబంతి ఇక్కడ అటూ ఇటూ కొట్టుకుని బయటికొస్తుంది. నాలుగు ఫ్రేములు (ఒక్కో ఆటను ఫ్రేము అంటారు) ముందు గెలిచినవాడిదే అయిన చిన్న మ్యాచ్‌లో టేబుల్ అలవాటయ్యేలోపే రెండు ఫ్రేములు పోతాయి.

వరల్డ్ ఛాంపియన్‌షిప్ క్వాలిఫయింగ్‌లో పది ఫ్రేములు గెలవాలి, కాబట్టి కుదురుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఈ కార్డ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. 2022లో పేజ్ అక్కడ నెగ్గి, అసలు పోటీ జరిగే షెఫీల్డ్ థియేటర్ క్రూసిబుల్‌కి చేరాడు, బ్యారీ హాకిన్స్‌ని 10-7తో ఓడించాడు. తర్వాతి రౌండ్‌లో తన గురువులాంటి మార్క్ విలియమ్స్ చేతిలో 3-13తో ఓడాడు. అయినా 30,000 పౌండ్లు ర్యాంకింగ్‌లో చేరాయి. చిన్న టోర్నీల్లో నెలలు తిరిగితే తప్ప రాని మొత్తం అది.

2025 ఏప్రిల్ క్వాలిఫయింగ్‌లో అలన్ టేలర్‌పై 10-2తో గెలిచిన మ్యాచ్‌లో పేజ్ రెండుసార్లు 147 కొట్టాడు, అంటే ఒక్క విడతలో (బ్రేక్‌లో) బంతులన్నీ వేసి వచ్చే గరిష్ఠ స్కోరు. ఒకే మ్యాచ్‌లో అంతకుముందు ఎవరూ చేయని పని. పదిహేను ఎర్రబంతులు, ప్రతిదాని వెంట నల్లబంతి, అక్కడికి 120. పదిహేనో ఎర్రబంతి వెంట నల్లబంతి కొట్టేటప్పుడు దాన్ని పాకెట్‌లో వేస్తే చాలదు, తెల్లబంతిని టేబుల్ అవతలి కొసన ఉన్న పసుపుబంతి దగ్గరికి తేవాలి. కోణం మరీ నిటారుగా మిగిలితే తెల్లబంతి అంతదూరం రాదు, చాలా బ్రేకులు అక్కడే ఆగిపోతాయి. అలాంటి గండం రెండుసార్లు దాటినందుకు 147,000 పౌండ్ల బోనస్ వచ్చింది. కానీ బ్రేక్ బహుమతులు ర్యాంకింగ్‌లో కలవవు. కార్డ్ నిలబెట్టుకునే లెక్కలో ఆ సొమ్ము విలువ సున్నా.

అయిదుకి మూడు మార్కులు వేస్తాను. పక్కన మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన విలియమ్స్ లాంటి ప్రాక్టీస్ జోడీ ఉన్న కుర్రాడికి రెండేళ్లు సరిపోవచ్చు. ఊళ్లో తనకన్నా బాగా ఆడేవాడే లేని కుర్రాడికి టేబుల్ వేగం పట్టుబడేసరికే మొదటి సీజన్ గడిచిపోతుంది. మొట్టమొదటి కార్డ్‌నైనా మూడేళ్లకి ఇస్తే ఇంకో మార్కు కలుపుతాను.