క్రిస్టియానిటీ టుడే: సంపాదకీయం కంటే పరిశోధనే మిన్న

బైబిలుకూ మారుమనస్సుకూ పెద్దపీట వేసే ఇవాంజెలికల్ క్రైస్తవుల దృష్టితో దైవశాస్త్రాన్నీ సంస్కృతినీ వర్తమాన వ్యవహారాలనూ కలిపి చర్చించే పత్రిక పేరొకటి చెప్పమంటే, దాన్ని మెచ్చేవారూ మెచ్చనివారూ కూడా ముందుగా చెప్పేది క్రిస్టియానిటీ టుడే పేరే. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, కేరల్ స్ట్రీమ్ నుంచి వెలువడే ఈ పత్రికకు నేను చాలాకాలంగా చందాదారుణ్ని. అభిమానులు దీని సంపాదకీయాలను పొగుడుతారు, విమర్శకులు వాటినే దుయ్యబడతారు. చందా సొమ్ముకు అసలైన ప్రతిఫలం ఇచ్చేది ఇందులోని విలేఖరుల పని అని నా అభిప్రాయం. సంపాదకీయాలు లేకపోయినా నేను ఈ పత్రిక తెప్పించుకుంటాను, పరిశోధన కథనాలు ఆగిపోతే మాత్రం మానేస్తాను.

చందాదారులకు లభించే సౌకర్యాల్లో నేను తరచుగా వాడుకునేది పాత సంచికల భాండాగారం. 1956 అక్టోబరు 15 నాటి తొలి సంచికలో, పత్రిక స్థాపనకు మూలపురుషుడైన అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం సువార్త ప్రకటనలో బైబిలుకున్న అధికారం గురించి రాశారు. లేఖనాల ప్రామాణ్యం విషయంలో 1949లో తాను పడిన అంతర్మథనాన్నీ, చివరకు వాటిని దేవుని వాక్యంగా విశ్వాసంతో అంగీకరించిన తరువాత తన ప్రసంగాల తీరు మారిన వైనాన్నీ అందులో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. అదే సంచికలో డచ్ వేదాంతి బెర్‌కూవర్ ఐరోపా దైవశాస్త్రంలో వస్తున్న మార్పులను సమీక్షించారు. సువార్తికుడి సాక్ష్యాన్నీ పండితుడి విశ్లేషణనూ ఇలా పక్కపక్కన నిలపడం తొలి సంపాదకుడు కార్ల్ హెన్రీ ఆలోచనా విధానానికి తగినదే. మౌలికవాద క్రైస్తవులు సామాజిక అన్యాయాలను పట్టించుకోవడం లేదని 1947లోనే పుస్తకం రాసి నిలదీసిన వ్యక్తి ఆయన. ఉదారవాద క్రైస్తవుల క్రిస్టియన్ సెంచరీ పత్రికకు దీటుగా, చమురు వ్యాపారి హోవర్డ్ ప్యూ ఆర్థిక సహాయంతో, మొదట్లో పాదిరులకు ఉచితంగా పంపిన పక్షపత్రిక ఇది.

అయితే ఆ భాండాగారం పత్రిక పరువు కాపాడే ప్రయత్నమేమీ చేయదు. పౌరహక్కుల ఉద్యమం ఉద్ధృతంగా సాగిన రోజుల నాటి సంచికలు తిరగేస్తే, కమ్యూనిజం గురించి ఎంతో స్పష్టంగా, ధాటిగా మాట్లాడిన కలాలు జాతివివక్ష దగ్గరకు వచ్చేసరికి తడబడడం, వ్యక్తుల హృదయాలు మారితే చాలునన్న ఉపదేశం వెనుక దాక్కోవడం కనిపిస్తుంది. వేదాంత నిష్ఠ ఉన్నంత మాత్రాన కళ్లెదుటి అన్యాయం కనబడుతుందన్న హామీ లేదని తెలుసుకోవడానికి ఈ పాత సంచికలకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

ఇక నేటి పత్రిక బలం ఎక్కడుందో చూపాలంటే రవి జకరాయస్ ఉదంతం ఒక్కటి చాలు. మద్రాసులో పుట్టి, క్రైస్తవ విశ్వాస సమర్థకుడిగా ప్రపంచమంతటా పేరు పొందిన ఆయన 2020 మే నెలలో మరణించారు. సంతాప సందేశాలు ఇంకా సద్దుమణగకముందే, ఆయన భాగస్వామిగా ఉన్న స్పాలలో పనిచేసిన ముగ్గురు మహిళలు చేసిన లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలను పత్రిక ఆ సెప్టెంబరులో ప్రచురించింది. ఆ కథనంలో నన్ను ఆకట్టుకున్నది దాని సంయమనం. ఎవరు ఏమి చెప్పారో, దాన్ని ఎలా సరిచూసుకున్నారో పొడి మాటల్లో ఉంది తప్ప లేఖనాలతో తీర్పు చెప్పే తొందర ఎక్కడా లేదు. ఆయన స్థాపించిన సంస్థ మొదట ఆరోపణలను తోసిపుచ్చింది. తరువాత తానే నియమించుకున్న న్యాయవాదుల సంస్థ 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక వాటిని ధ్రువీకరించడమే కాక మరిన్ని ఘోరాలను బయటపెట్టింది. దైవసేవకుణ్ని ప్రశ్నిస్తే అభిషిక్తుని మీద చెయ్యి ఎత్తినట్టేనని భయపెట్టే వాతావరణంలో, ఇవాంజెలికల్ పాఠకుల చందాలతో నడిచే పత్రిక ఈ పని చేయడం సామాన్యం కాదు. 2022లో ఇదే కొలతను తనకూ వర్తింపజేసుకుంది: తన కార్యాలయంలో మహిళా ఉద్యోగులు ఏళ్ల తరబడి చేసిన వేధింపుల ఫిర్యాదులపై యాజమాన్యం తగిన చర్య తీసుకోలేదన్న కథనాన్ని, సొంత విలేఖరి చేత రాయించి, సొంత పుటల్లోనే ప్రచురించింది. ఫిర్యాదులను అన్నేళ్లు తొక్కిపెట్టిన తప్పు దీనితో మాసిపోదు, కానీ ఆ కథనం చదివాకే పత్రికలోని మిగతా వార్తల మీద నాకు నమ్మకం గట్టిపడింది.

అభిప్రాయ వ్యాసాల విషయంలో నాకు ఇంత ఉత్సాహం లేదు. 2019 డిసెంబరులో, అధ్యక్షుడు ట్రంప్‌ను పదవి నుంచి తొలగించాలంటూ అప్పటి ప్రధాన సంపాదకుడు మార్క్ గాలి రాసిన సంపాదకీయం పెద్ద దుమారం లేపింది. ట్రంప్ దీన్ని వామపక్ష పత్రిక అన్నారు. తన తండ్రి బిల్లీ గ్రాహం ట్రంప్‌కే ఓటు వేశారని ఫ్రాంక్లిన్ గ్రాహం ప్రకటించారు. ఆ సంపాదకీయాన్ని రెండు వైపులవారూ ఆవేశంగా చదివారు గాని, అందులోని గట్టి అంశాన్ని తక్కువ మంది గమనించారు: 1998లో క్లింటన్ నైతికత గురించి తాము రాసిన మాటలనే ఉదహరించి, అదే గీటురాయిని ఇక్కడా వాడుతున్నామని చెప్పడం. ఆ నిలకడను నేను గౌరవిస్తాను. చిక్కు తరువాతి సంవత్సరాలతోనే వచ్చింది. 2022లో ప్రధాన సంపాదకుడై 2025 దాకా ఆ పదవిలో ఉన్న రస్సెల్ మూర్ సొగసుగా రాస్తారు, ఆయన ఆవేదనలో నిజాయితీ ఉంది. అయినా సంఘం రాజకీయాలకు అమ్ముడుపోతోందన్న ఒకే విలాపం వారం తరువాత వారం వినిపిస్తుంటే, ఏ విశ్వాసి మనసు మార్చాలని దాన్ని రాస్తున్నారో ఆ విశ్వాసి పత్రిక తెరవడం మానేసి ఉంటాడు.

ఇందుకు ఒక మూలకారణం ఉంది. ఇవాంజెలికల్ అంటే ఎవరన్న ప్రశ్నకు చరిత్రకారుడు డేవిడ్ బెబ్బింగ్టన్ 1989లో నాలుగు లక్షణాలు చెప్పారు: బైబిలుకు అగ్రస్థానం, క్రీస్తు సిలువ కేంద్రంగా ఉండడం, మారుమనస్సు అవసరమన్న నమ్మకం, విశ్వాసం క్రియల్లో కనబడడం. అమెరికా ఎన్నికల సర్వేల్లో మాత్రం ఆ పేరు ఒక ఓటుబ్యాంకుకు గుర్తుగా మారింది. పత్రిక దైవశాస్త్ర పుటల్లో మొదటి అర్థాన్నీ, రాజకీయ పుటల్లో రెండో అర్థాన్నీ పట్టుకొని నడుస్తోంది. ఒకే సంచికలో రెండూ చదివే పాఠకుడికి, ముఖ్యంగా అమెరికా ఎన్నికలతో సంబంధం లేనివాడికి, ఇది విసుగు పుట్టిస్తుంది.

దైవశాస్త్రానికి కేటాయించే చోటు హెన్రీ కాలంతో పోలిస్తే కుంచించుకుపోయింది. ఒకప్పుడు ఒక వచనం మీద పుటల కొద్దీ సాగిన వ్యాఖ్యానాల స్థానంలో ఇప్పుడు రచయిత స్వానుభవంతో మొదలై, మధ్యలో లేఖనాన్ని ముట్టుకొని, ఓదార్పుతో ముగిసే వ్యాసాలు ఎక్కువయ్యాయి. పుస్తక సమీక్షలు మాత్రం ఇప్పటికీ మొదటి తరగతివే. ఏటా ప్రకటించే పుస్తక పురస్కారాల జాబితా దైవశాస్త్ర పఠనానికి మంచి దారి చూపిస్తుంది. బాప్తిస్మం, ఆత్మవరాలు, దేవుని ఏర్పాటు వంటి విషయాల్లో భిన్నాభిప్రాయాలకు తావివ్వడం సబబే. స్త్రీలు పాస్టర్లుగా ఉండవచ్చునా అన్న వివాదంలో కూడా ఇరుపక్షాలకూ చోటిచ్చి తాను పక్కకు తప్పుకోవడం నాకు కొంత పిరికితనంగానే తోస్తుంది.

పత్రిక కొన్నేళ్లుగా స్పానిష్, పోర్చుగీసు, ఫ్రెంచి, చైనా వంటి భాషల్లోకి తన వ్యాసాలను అనువదిస్తోంది. ప్రయత్నం మంచిదే. కానీ 1974లో స్విట్జర్లాండ్‌లోని లూసాన్‌లో జరిగిన ప్రపంచ సువార్త మహాసభలో రెనె పదీయా, శామ్యూల్ ఎస్కోబార్ వంటి లాటిన్ అమెరికా నాయకులు పాశ్చాత్య సువార్తికులకు వారి లోపాలు ముఖం మీదే చెప్పి, సామాజిక బాధ్యతను చర్చకు పెట్టగలిగారు. అలాంటి వేదాంతులకు ఈ పత్రిక ముఖచిత్ర వ్యాసం రాసే అవకాశం అరుదుగానే ఇస్తుంది. ఆఫ్రికా, ఆసియా సంఘాలు ఎక్కువగా హింసల వార్తలుగానో, ఎదుగుదల వార్తలుగానో కనిపిస్తాయి.

సియాటిల్‌లోని మార్స్ హిల్ సంఘం ఎదిగి కూలిన తీరుపై 2021లో చేసిన పాడ్‌కాస్ట్ వినదగినదే, కాకపోతే నేపథ్య సంగీతపు మోత తగ్గించి నిడివి సగం చేసి ఉంటే మేలుగా ఉండేది. పాస్టర్లకూ బైబిలు కళాశాల విద్యార్థులకూ చందా కట్టమని నిస్సంకోచంగా చెబుతాను. సంఘాల్లో జవాబుదారీతనం గురించి పట్టింపు ఉన్నవారెవరికైనా అదే మాట చెబుతాను. అనుదిన ధ్యానాల కోసం చూసేవారికి మాత్రం పండుగల వేళల్లో వెలువడే ప్రత్యేక ధ్యాన సంచికలు నిరాశ కలిగిస్తాయి, వాటికోసమే అయితే చందా అవసరం లేదు.