ఎస్కేప్ కోడ్: \033 మేలా, \ఎక్స్1బి మేలా?

ప్రింటర్ ఆదేశాల ముందు పెట్టే ఎస్కేప్ అనే ప్రత్యేక అక్షరాన్ని ప్రోగ్రామ్‌లో ఎలా రాయాలని చాలామంది అడుగుతున్నారు. దాని విలువ డెసిమల్‌లో 27, ఆక్టల్‌లో (8 ఆధారంగా) 033, హెక్స్‌లో (16 ఆధారంగా) 1బి. ఆక్టల్ రాత \033, హెక్స్ రాత \ఎక్స్1బి. ఎలా రాసినా వెళ్లేది ఒకటే బైటు. తేడా వచ్చేది దాని పక్కన పడే అక్షరంతోనే.

హెచ్‌పీ ఆదేశ భాష పీసీఎల్ వాడే ప్రింటర్‌ను రీసెట్ చేయాలంటే ఎస్కేప్, వెంటనే ఇంగ్లిష్ పెద్ద అక్షరం 'ఈ' పంపాలి. సీ భాషలో \ఎక్స్1బి పక్కన ఆ 'ఈ' తగిలించారనుకోండి, హెక్స్‌లో 'ఏ' నుంచి 'ఎఫ్' దాకా అక్షరాలూ అంకెలే, హెక్స్ సంకేతానికి అక్కడ పొడవు హద్దు లేదు కాబట్టి 'ఈ'ని కూడా అంకెగానే కలిపేసుకుంటుంది. ఆ విలువ బైటులో పట్టదు, కంపైలర్ అభ్యంతరం చెబుతుంది. సీ షార్ప్ ఆ మాటైనా చెప్పదు. నాలుగు అంకెల దాకా కలుపుకుని ఇంకేదో యూనికోడ్ అక్షరం తయారుచేస్తుంది. రీసెట్ మాత్రం జరగదు. అదే ఎప్సన్ ఆదేశ భాష ఈఎస్‌సీ/పీ వాడే ప్రింటర్‌కు పంపే ఎస్కేప్ @ అయితే బాగానే పనిచేస్తుంది, @ హెక్స్ అంకె కాదు కదా! ఒక ఆదేశం పనిచేసి ఇంకొకటి చేయకపోయేసరికి అనుమానం కేబుల్ మీదికి పోతుంది.

\033కు ఈ బెడద లేదు. ఆక్టల్ మూడంకెలతో ఆగిపోతుంది. షెల్ స్క్రిప్టుల్లోనూ ప్రింట్‌ఎఫ్ ఆదేశానికి ఇదే నమ్మకమైనది. \ఎక్స్ రాత డ్యాష్ అనే షెల్‌లో చెల్లదు. ముందున్న సున్నాను మాత్రం వదలొద్దు. ఎస్కేప్ 2 అనే లైన్ స్పేసింగ్ ఆదేశాన్ని \332 అని రాస్తే అది 218 విలువున్న ఒకే బైటు అయిపోతుంది.

సీ, షెల్ వాడేవారికి నా ఓటు \033కే. సీ షార్ప్‌లో ఆక్టల్ లేదు, అక్కడ \033 అంటే ఒక సున్నా బైటు, తర్వాత కాగితం మీద 33. సీ షార్ప్‌కూ జావాస్క్రిప్ట్‌కూ \యు001బి వాడండి. పైథాన్‌లో ఏదైనా ఒకటే.

ఆదేశంలో సంఖ్యలుంటే మాత్రం స్ట్రింగే వద్దు, బైట్ల వరుస రాయండి. బిల్లు ప్రింటర్ల ఆదేశ భాష ఈఎస్‌సీ/పీఓఎస్‌లో క్యాష్ డ్రాయర్ తెరిచే ఆదేశం 27, 112, 0, 25, 250. సీ స్ట్రింగ్ ఆ 0 దగ్గరే ముగిసిపోతుంది. మరో భాషలో 250ని యూటీఎఫ్-8గా పంపితే 195, 186 అని రెండు బైట్లవుతుంది. విండోస్‌లో ఫైలును టెక్స్ట్ మోడ్‌లో తెరిస్తే ప్రతి 10 (కొత్త లైన్ బైటు) ముందూ ఒక 13 చేరుతుంది, కాబట్టి బైనరీ మోడ్ తప్పనిసరి.

ఎడిటర్‌లో ఎస్కేప్ అక్షరాన్నే నేరుగా అతికించడమూ ఉంది. కంటికి సరిగా కనబడదు, కాపీ చేస్తే పోవచ్చు, వద్దు.

ఏది వాడినా ప్రింటర్‌కు పంపేముందు ఫైలును హెక్స్‌డంప్‌లో (బైట్లను వరుసగా హెక్స్ అంకెల్లో చూపేది) చూడండి. పీసీఎల్ రీసెట్ అయితే మొదటి రెండు బైట్లు 1బి (ఎస్కేప్), 45 ('ఈ') ఉండాలి.